దెబోరా టీచరు చేపల తొట్టి, దాని నడిమి పట్టె

యేసురత్నం చేసిన బల్ల మీద ఒకసారి అహోబిలం పోయే ఏనుగు కూర్చుందనీ, మర్నాడు నడుము నొప్పి ఏనుగుకే వచ్చిందనీ నంద్యాలలో చెప్పుకునేవారు. అలా చెప్పినవాళ్లలో మొదటివాడు యేసురత్నమే. చర్చి బల్లలు చేయడంలో ఆ వడ్రంగిది ఒక పద్ధతి. కొత్త బల్ల మీద స్త్రీల సమాజం వాళ్లను కూర్చోబెట్టి ఒక కీర్తన మొత్తం పాడించేవాడు. ఆఖరి చరణం దాకా కిర్రుమనకపోతేనే బల్లకు చర్చిలో చోటు.

అలాంటివాడు 1982 వేసవిలో ఆళ్లగడ్డలో, తాను చేసిన టేకు స్టాండు ముందే గొంతుక్కూర్చుని తల గోక్కుంటున్నాడు.

స్టాండు మీది తొట్టి దెబోరా టీచరుది. నాలుగడుగుల ఆ అద్దాల తొట్టిని ఆమె భర్త మద్రాసు నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆయన పోయి మూడేళ్లయింది. వారం వారం చెంబుతో నీళ్లు తోడి తోడి టీచరు నడుము పట్టేసింది. తొట్టి అడుగున నట్టనడుమ ఒక బెజ్జం బిరడాతో మూసి ఉంది. అందులోంచి గొట్టం దించి, కొళాయి బిగించి, నీళ్లను పెరట్లోకి పంపాలని ఆమె కోరిక. చిక్కల్లా ఆ బెజ్జం కిందే స్టాండు నడిమి అడ్డపట్టె ఉంది. నిండు తొట్టి రెండున్నర బస్తాల బియ్యమంత బరువు. దాన్ని మోయడానికే ఆ పట్టె వేశాడు. ఇప్పుడు కోయాల్సింది దాన్నే.

చేపలను బట్టలుతికే తొట్టిలోకి మార్చి, ఖాళీ తొట్టిని ఇటుది అటు తిప్పి చూశాడు. బెజ్జం పట్టె మీదే ఉంది. మళ్లీ తిప్పాడు. నడుమనున్నది ఎటు తిప్పినా నడుమనే ఉంటుందని అప్పుడు తట్టింది.

"ఏందప్పా, పొద్దుట్నుంచి ఆ కొయ్యనే చూస్తాండావ్?" అంది టీచరు.

"పట్టె కోస్తే తొట్టి పడతాది. కోయకుంటే గొట్టం దిగదు. ఏం చేయాల్నో తెలీడంలే టీచరమ్మా."

"పగిలితే ఇంకోటి తెచ్చే మనిషి లేడు. అది మతిలో పెట్టుకో."

ఆ మాటతో అతని చేతిలో రంపం ఇంకా బరువెక్కింది. చివరికి తొట్టిని మంచం మీదికి దింపించి, కోసే ముందే బెజ్జానికి అటొకటి ఇటొకటి రెండు కొత్త పట్టెలు మేకులతో బిగించాడు. ఆ తర్వాతే నడిమి పట్టెను కోసి, పైపలకకు గొట్టం కంటే కాస్త వెడల్పుగా రంధ్రం చేసి, తడి పీల్చకుండా అంచులకు రంగు పూశాడు. స్త్రీల సమాజం నుంచి నలుగురిని పిలిపించి స్టాండు మీద కూర్చోబెట్టాడు.

మూడో చరణంలో కిర్రుమంది. అది స్టాండో, ఆ నలుగురిలో హన్నమ్మ గొంతో అతనికి తేలలేదు.

"హన్నమ్మక్కా, ఇంగోసారి కూర్చోండి. పాడొద్దు."

"నా గొంతు నీకు తుప్పు పట్టిన తలుపు మాదిరి ఉండాదా?" అంటూనే ఆమె కూర్చుంది.

మిగతావాళ్లూ కూర్చున్నారు, పాట లేదు. స్టాండు మళ్లీ కిర్రుమంది. యేసురత్నం కిందికి దూరి చూశాడు. కొత్త పట్టెలు ఒట్టి మేకుల మీద వేలాడుతున్నాయి. సిగ్గేసింది. ప్రతి పట్టె రెండు కొసల కిందా నేలను తన్నిపట్టేలా ఒక్కో కాలు నిలబెట్టాడు. ఈసారి హన్నమ్మ కావాలని ఎగిరి కూర్చున్నా చప్పుడు లేదు.

తొట్టి ఎక్కింది, గొట్టం దిగింది. బిందె తర్వాత బిందె నీళ్లు పోస్తుంటే అతను పట్టె కింద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. కొళాయి తిప్పారు. నీళ్లు పెరట్లోకి పారాయి. కట్టేశారు. మళ్లీ నింపారు. చేపలు వచ్చి చేరాయి. అతను పోవాల్సిన నంద్యాల బస్సు వెళ్లిపోయింది.

"ఇంగ చెయ్యి తీయప్పా," అంది టీచరు.

తీశాడు. తొట్టి కదల్లేదు. యేసురత్నం మాత్రం లేవకుండా తన అరచేతిని చూసుకుంటూ ఉండిపోయాడు. ఇంతసేపూ తను మోసిందేమిటో అతనికి అంతుపట్టలేదు.