కదలని విమానంలో గాలివాన

మా మేనకోడలు భారతి విమానం నడుపుతుంది. చాలా ఏండ్లు కుడివైపు సీటులో సహ పైలట్‌గా కూర్చున్న తరువాత, ఎడమవైపు కెప్టెన్ సీటు కోసం పరీక్షకు నిలిచి, గాలివాన ఘట్టంలో తప్పింది. రెండవ పరీక్ష ఆషాఢంలో బెంగళూరులో జరుగుతుందనీ, ఈసారి తప్పితే మరల అవకాశం ఎన్నడో తెలియదనీ ఫోనులో చెప్పింది.

"ముందురోజు సాధన ఉంటుంది మామయ్యా. మా గురువుగారు ఒప్పుకున్నారు. వెనుక కూర్చుని చూడవచ్చు, వస్తారా?"

పుష్పక విమానాన్ని గురించి జీవితమంతా పాఠం చెప్పినవాడనే కాని, విమానం నడిపేవారి చేతులు ఏమి చేస్తాయో ఎన్నడూ చూడలేదు. వస్తానన్నాను.

హిందూపురంలో ఉదయం ఆరున్నరకు ప్యాసింజరు ఎక్కాను. గౌరిబిదనూరులో వేడి ఇడ్లీలు దొరికాయి. ఈ దారిన పోయేవారు అక్కడే తినడం మేలు. ఎదుటి బల్లపై నంజుండప్ప అనే వ్యాపారి చీరల మూటలతో బెంగళూరు బట్టల బజారైన చిక్కపేటకు పోతున్నాడు.

"యాడికి సామీ, పొద్దున్నే?"

"విమానం చూడడానికి నాయనా. నేలమీదనే ఉండి, ఎగరడం నేర్పే యంత్రమట."

"ఎగరని ఇమానం చూసేకి బెంగుళూరు దాకానా! మా చిక్కపేట సందుల్లో కదలని బండ్లు శానా ఉండాయి, రాండి, ఊరికే చూపిస్తా."

రైలుపెట్టెలోని వారందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

భారతి సిటీ స్టేషనుకు వచ్చింది. వైట్‌ఫీల్డ్ వైపు పోయే బస్సులో గంటన్నరకు పైగా ప్రయాణించి శిక్షణాలయం చేరాము. అక్కడ ఇనుప కాళ్ళపై నిలిచిన పెద్ద తెల్లని పెట్టె ఉన్నది. దాని లోపల అచ్చమైన విమానపు ముందుగది, అద్దాలకు ఆవల తెరపై ఆకాశం. గురువు కృష్ణస్వామి ఉద్యోగ విరమణ చేసిన కెప్టెన్, తరతరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగువారు.

"రాండి సామీ. బెల్టు బిగించుకోండి. ఉత్తుత్తిదే కదా అని కూచుంటే నడుము పోతాది."

భారతి ఎడమ సీటులో, సాధనకు వచ్చిన మరొక సహ పైలట్ కుడి సీటులో కూర్చున్నారు. గురువుగారి మాట నిజమైంది. మేఘంలో ప్రవేశించగానే పెట్టె అంతా ఊగిపోయింది. అద్దాలపై వాన తప్ప మరేమీ కానరాలేదు. గురువు ఏదో యంత్రం చెడినట్లు కల్పించి, ఆ పనిని సహ పైలట్‌కు అప్పగించారు. దానితో విమానమూ రేడియో కూడా భారతి మీదనే పడ్డాయి. అటుపిమ్మట వెనుక నుండి ఆయనే పలు గొంతులతో పిలవసాగారు. నేలమీది కంట్రోలరై దారి మార్చమన్నారు, పరిచారికయై ఒక ప్రయాణికునికి గుండెనొప్పి అన్నారు, విమాన సంస్థ కార్యాలయమై ఎప్పటికి దిగుతారని అడిగారు. భారతి ప్రతి పిలుపుకూ తడుముకోకుండా, ఎంతో మర్యాదగా బదులిచ్చింది. ఆమె నేర్పుకు నేను మురిసిపోతుండగా గురువు ఏదో మీట నొక్కారు, ఊగడం ఆగింది. తెరపై వాన గడ్డకట్టినట్లు నిలిచిపోయింది.

"ఎంత ఎత్తులో ఉండావో చూసుకో," అన్నారు గురువు.

దిగి నిలువవలసిన ఎత్తును దాటి విమానం ఇంకా క్రిందికి పోతున్నదట.

"పిలిచినోళ్ళకంతా జవాబు చెప్తా కూచుంటే ఇమానం ఎవురు తోలాలమ్మా, మీ మామయ్యా?"

"పిలిచారు కదా సార్..."

"పిలస్తారు. నీ చేతులు ఖాళీ లేవని వాళ్ళకేం తెలుసు? ఆగమని ఒక్క మాట చెప్పు, చాలు. ముందు ఇమానం, ఆమీద దారి, ఆమీదనే మాట."

మధ్యాహ్నం క్యాంటీనులో బిసిబేళెబాత్ వడ్డించారు. భారతి ముట్టలేదు.

"పోయినసారి కూడా ఇక్కడే తప్పాను. ఎవరైనా పిలిస్తే నోరు దానంతటదే పలుకుతుంది మామయ్యా. మన ఇంట్లో రెండోసారి పిలిపించుకుంటే ఊరుకున్నారా?"

ఊరుకోలేదు. తొలి పిలుపుకు పలకని పిల్లకు పొగరుబోతన్న పేరు వచ్చేది. నేనొక మాట అడిగాను.

"జపంలో ఉన్నప్పుడు పిలిస్తే మీ అమ్మమ్మ ఏమి చేసేది?"

"చెయ్యెత్తేది, ఆగమని. జపమయ్యాక 'ఏమే, కొంపలంటుకున్నాయా?' అని తిట్టేది."

"పలకలేదని ఆమెను ఎవరైనా తప్పుపట్టారా?"

"అమ్మమ్మనా? ఎవరికుంది అంత ధైర్యం!"

నవ్వుతూ పళ్ళెం దగ్గరకు లాగుకొన్నది. మధ్యాహ్నపు సాధనలో ఒకరిని ఆగమన్నది, ఇద్దరికి మాత్రం పలికింది. గురువు మెచ్చుకోలేదు, విమానాన్ని ఆపనూ లేదు.

ఆ రాత్రి సర్జాపుర రోడ్డులోని ఆమె ఫ్లాటులో బస. మరునాటి పరీక్షకు బయటివారికి ప్రవేశం లేదు. అది ముగియకముందే నా రైలు వేళ అయినందున, మనసు అక్కడే విడిచి స్టేషనుకు వచ్చాను. యలహంక దాటినప్పటి నుండి చేతిలోని ఫోనును చూస్తూనే ఉన్నాను. దొడ్డబళ్ళాపురం సమీపంలో అది మ్రోగింది.

"మామయ్యా, ఎడమ సీటు!"

ఆమే చెప్పుకొనిపోయింది.

"వానలో అందరూ ఒక్కసారే పిలిచారు. అందరినీ ఆగమన్నాను, విమానం కుదుటపడ్డాక ఒక్కొక్కరికీ పలికాను. ప్రయాణికులకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని చివర్లో పరీక్షాధికారి అడిగారు. 'అప్పుడు వాళ్ళకు కావలసింది నా మాట కాదు సార్' అన్నాను."

"ఏమన్నారు?"

"సంతకం పెట్టారు."

కొండల నడుమ ఫోను తెగిపోయింది. కిటికీకి ఆవల సన్నని జల్లు మొదలైంది. పెట్టెలోని వారు కిటికీ తలుపులు వేసికొంటున్నారు.

ఇది చదివి విమానమెక్కబోయే వారికి నేను చెప్పదగినది ఒకటున్నది. మేఘాలలో విమానం ఊగుతున్నవేళ ముందుగది నుండి ఎంతకూ ఒక్క పలుకైనా రాకపోతే, మనలను మరచినారని కోపగించవద్దు. ఆ తలుపు వెనుక ఎవరో, మనతో మాట్లాడడం మాని, మనలను క్షేమంగా దింపుతున్నారు.