చక్రాల కింద నిమ్మకాయలు

ఇరవై ఏళ్ళు దాటింది. రోజూ పొద్దున్నే దీపం పెట్టి అందరి పేర్లూ చెప్పి దణ్ణం పెట్టుకోవడం నాకు అలవాటు. ఇంట్లోవాళ్ళ పేర్లు చెబుతాను, చుట్టాల పేర్లు చెబుతాను, పాలుపోసే ఆవిడ పేరు కూడా చెబుతాను. ఒక్క పేరు దగ్గరికి వచ్చేసరికి నాలుక ఆగిపోతుంది. అమ్మవారి ముఖం మీంచి చూపు తీసేసి హారతి పళ్ళెం సర్దుకుంటాను. దీన్ని బరువంటారో ఇంకేమంటారో నాకు తెలియదు. మోస్తున్నానని మాత్రం తెలుసు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే ఇలా రాసి మీతో చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఆగిపోతే ఏమీ అనుకోకండి. ఈ మాటలు ఇంతకుముందు ఎప్పుడూ బయటికి రాలేదు, వాటికి దారి తెలియదు.

నాకు బడి చదువు లేదు. చిన్నప్పుడు ఉబ్బసం. నాన్న రాయపూర్‌లో రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసేవారు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా క్వార్టరు. డ్యూటీ నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుని, నన్ను గడప దగ్గర కూచోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించేవారు. ఆయన జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. పాడైన వ్యాగన్ మీద గుర్తు పెట్టే సుద్ద. "ఈ గుర్తు పడ్డ బండిని ఎంత పెద్దాఫీసరొచ్చినా కదపకూడదమ్మా. బాగుచేసి గుర్తు తుడిచాకే కదలాలి" అనేవారు. నేను అ ఆలు దిద్దింది ఆ సుద్దతోనే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నాకు తెలియక చేశానని మీరు అనుకోకూడదు.

మావారికి అప్పటికి మూడు లారీలు. రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన రోజులు. ఎక్కడ చూసినా ఇళ్ళు లేస్తున్నాయి, ఇనుప కడ్డీలకి గిరాకీ. యార్డు మా ఇంటి వెనకే ఉండేది. వంటింటి కిటికీలోంచి లారీల ముఖాలు కనిపించేవి. బడికెళ్ళని, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే పిల్లని ఆయన ఇష్టపడి చేసుకున్నారు. ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. ఆ కృతజ్ఞత నాకు ప్రాణంతో సమానం. నా కథలో తప్పు అక్కడే మొదలైందేమో. ఇలా అంటే ఆయన మీదకి నెట్టినట్టవుతుందా? నెట్టడం లేదు. ఆయన లెక్క ఆయన చెప్పుకుంటారు. ఇది నాది.

మా డ్రైవర్లలో చాలామందికి రాయడం రాదు. బండిలో ఏదైనా బాగోలేకపోతే నాతో చెప్పేవారు, నేనొక పుస్తకంలో రాసేదాన్ని. మావారు పొద్దున్నే చూసేవారు. "ఈ ట్రిప్పు వచ్చాక చేయిద్దాం" అనేవారు. టైరుకీ అదే మాట, స్ప్రింగు పట్టీకీ అదే మాట. ట్రిప్పు వచ్చాక ఇంకో ట్రిప్పు ఉండేది.

రాసే పని కాక ఇంకో పని ఉండేది నాకు. లోడుతో లారీ బయల్దేరే ముందు బంపరుకి బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి, ముందు చక్రాల కింద చెరో నిమ్మకాయ పెట్టాలి. నేను పెట్టిన నిమ్మకాయలు తొక్కి వెళ్ళిన బండి క్షేమంగా తిరిగొస్తుందని డ్రైవర్లకి ఎలా నమ్మకం కుదిరిందో తెలియదు. కుదిరింది. వాళ్ళలో ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఒకసారి చక్రం కింద పెట్టిన నిమ్మకాయని మళ్ళీ తీయకూడదు. తీస్తే ఆ కీడు డ్రైవరు ఇంటికి చుట్టుకుంటుంది. పెట్టాక బండి కదలాల్సిందే.

అప్పలస్వామి విజయనగరం వైపువాడు. మా దగ్గర ఆరేళ్ళు చేశాడు. నేను పళ్ళెంతో వస్తుంటే నవ్వేవాడు. "నిమ్మకాయలన్నీ లారీకే పెట్టేత్తే పులిహోరలోకేటి పిండుతారు అమ్మగోరూ?" అనేవాడు. అలా అంటూనే చెప్పులు విప్పి, రెండు చేతులూ జోడించి నిలబడేవాడు.

నేను దాటేసే పేరు అతనిదే.

ఆ రోజు ధమ్తరీకి కడ్డీల లోడు. కిటికీ అవతల అతని గొంతు పెద్దగా వినిపించింది. ఎప్పుడూ అంత పెద్దగా మాట్లాడడు.

"బాబుగోరూ, బ్రేకు రెండుసార్లు తొక్కితే గానీ పట్టడం లేదు. లైనర్లు అరిగిపోనాయి. చెప్పి పది రోజులైంది. అమ్మగోరు రాసినారు కూడా."

"వచ్చాక చేయిద్దామన్నానా లేదా?"

"వచ్చాక అంటే, రావాల కదండీ."

ఇంకో ఇద్దరు డ్రైవర్లు ఉండుంటే నవ్వేవారు. ఎవరూ లేరు. అతను టీ గ్లాసు పట్టుకుని టైరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎక్కనని చెప్పే పద్ధతి అది.

మావారు వంటింట్లోకి వచ్చారు. కోపంగా లేరు. అలిసిపోయినట్టున్నారు. "సరుకు ఇవాళ దిగకపోతే ఆ పార్టీ పోతుంది. నువ్వెళ్ళి నిమ్మకాయలు పెట్టెయ్. నీ చెయ్యి పడితే ఎక్కుతాడు" అన్నారు.

నేను పప్పు కలుపుతున్నాను. గరిటె పక్కన పెట్టాను. ఎంతసేపు నిలబడ్డాను? ఒక నిమిషం ఉంటుందేమో. ఆ నిమిషంలో నాన్న సుద్దముక్క గుర్తొచ్చింది. అబద్ధం చెప్పను, గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా నా చెయ్యి బుట్టలోంచి మంచి నిమ్మకాయలు రెండు, మచ్చలేనివి, ఏరింది.

నన్ను చూసి అప్పలస్వామి లేచాడు. అలవాటుగా చెప్పులు విప్పేశాడు. తర్వాత పళ్ళెం వైపు చూశాడు.

"ఇప్పుడే ఎట్టకండి అమ్మగోరూ" అన్నాడు. చాలా మెల్లగా. బతిమాలినట్టు.

"అమ్మవారు చూసుకుంటుందిలే అప్పలస్వామీ" అన్నాను.

వంగి పెట్టేశాను. ఒకటి ఎడమ చక్రం కింద, ఒకటి కుడి చక్రం కింద. బొట్టు పెట్టేటప్పుడు అతని ముఖం చూడలేదు. అతను కాసేపు ఆ నిమ్మకాయల వైపే చూసి, గ్లాసులో మిగిలిన టీ పారబోసి, ఎక్కాడు. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు విన్నాను. ఎన్నోసార్లు విన్న చప్పుడే.

ఆ మాట అమ్మవారిది కాదు. నాది. నా వ్యాపారానికి ఆ తల్లి పేరు అడ్డం పెట్టాను. ఆమెకి బ్రేకులు చూసుకునే పని అప్పగించడానికి నేనెవర్ని?

అభన్‌పూర్ దగ్గర, మిట్టమధ్యాహ్నం, పొలం పనికి వెళ్ళొస్తున్న ఆడవాళ్ళతో నిండిన ట్రాక్టరు పక్కదారిలోంచి రోడ్డెక్కింది. బ్రేకు పట్టలేదు. అతను లారీని ఎడమకి తిప్పేసి చింతచెట్టుకి కొట్టించాడు. వెనక కడ్డీలు క్యాబిన్లోకి చొచ్చుకొచ్చాయి. ట్రాక్టరులో ఒక్కరికీ గీత పడలేదు. అతని కుడికాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది.

ఫోనులో ప్రాణం దక్కిందని వినగానే నా నోట వచ్చిన మొదటి మాట, "అమ్మా, నీ దయ." ఎవరి కోసం అన్నాను ఆ మాట? అతను బతికినందుకా? మావారి మీదకి చావు కేసు రానందుకా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా జవాబు మారడం లేదు కాబట్టి అడగడం మానేశాను.

డ్రైవరు కునికిపాట్లు పడ్డాడని మావారు పోలీసులకి చెప్పారు. లారీ తుక్కు తుక్కయింది. ఎవరూ ఇంకా లోతుగా చూడలేదు. ఊరంతా అదే అనుకుంది.

నాలుగో రోజున చారన్నం క్యారియర్‌తో ఆసుపత్రికి వెళ్ళాను. అప్పలస్వామి భార్య మంచం పక్కన నిలబడి ఏడుస్తూనే తిడుతోంది. "నిద్రొత్తే పక్కన ఆపుకోవాల గానీ! చెట్టుని తలగడా అనుకున్నావేటి?" ఆమె నీళ్ళకని బయటికి వెళ్ళాక అతను నావైపు తిరిగాడు.

"అమ్మగోరూ, ఒక మాట అడగనా? ఆ రోజు బ్రేకు సంగతి నేను చెప్పినాను కదా? నాకు చెప్పినట్టే గేపకం. బాబుగోరు లేదన్నారు. పోలీసోళ్ళు నిద్రోయావు అంటన్నారు. మా ఆడది కూడా అదే అంటంది. నాకేమో తల దిమ్ముగా ఉంది, ఏది నిజమో తెలీట్లేదు. మీరు చెప్పండి. మీరు అబద్దమాడరు."

నేను క్యారియర్ మూత తీస్తున్నాను. చారు వాసన వచ్చింది.

"నువ్వేమీ చెప్పలేదు అప్పలస్వామీ. అలిసిపోయి ఉన్నావు. కునుకు పట్టేసి ఉంటుంది" అన్నాను.

అతను కళ్ళు మూసుకున్నాడు. తలూపాడు. "అంతే అయ్యుంటాది" అన్నాడు.

కాలు తీసింది డాక్టర్లు. ఇది తీసింది నేను. తనకి తెలిసిన సంగతిని తనే నమ్మకుండా చేశాను. కాలు లేదని అతనికి తెలుసు. ఇది పోయిందని ఈ రోజుకీ తెలియదు.

ఇంకో మాట దాచాను. ఇంతవరకూ రాసి కూడా మీ దగ్గరా దాచబోయాను. ఆ పుస్తకం. బ్రేకు గురించి రెండుసార్లు నా చేత్తోనే రాసిన పుస్తకం. మావారు దాని ఊసే ఎత్తలేదు. మర్చిపోయారో, నా మీద వదిలేశారో. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం నేనే నీళ్ళపొయ్యిలో పెట్టాను. ఎవరూ చెప్పలేదు. నాన్న నేర్పిన అక్షరాలు, ఒక్కో పేజీ చింపి పెట్టాను. ఆ నీళ్ళతోనే స్నానం చేసి దీపం పెట్టాను.

తర్వాత మావారు అతనికి అభన్‌పూర్‌లో సైకిల్ పంక్చర్ల దుకాణం పెట్టించారు. మంచి పనే. నేనూ చాలాకాలం దాన్ని చూసుకుని ఊరట పడ్డాను. అప్పలస్వామి ప్రతి ఏడూ దసరా వెళ్ళాక బస్సెక్కి వస్తాడు. వాళ్ళ పెరట్లో నిమ్మచెట్టు వేశాడు. సంచీ నిండా కాయలు తెచ్చి నా చేతిలో పెడతాడు. "ఆ రోజు మీ చేతి నిమ్మకాయలు తొక్కి ఎల్లబట్టి పేణం దక్కింది అమ్మగోరూ" అంటాడు. ఒక్క ఏడూ మానలేదు. మావారు పోయిన ఏడు వాకిట్లో కర్ర పక్కన పడేసి, నేలమీద కూచుని, సొంత అన్న పోయినట్టు ఏడ్చాడు.

మొన్న కూడా వచ్చాడు. అల్లుడు చిన్న లారీ కొనుక్కున్నాడట. సంతోషంగా చెప్పాడు.

"ఆడికి ఒకటే చెప్పినానమ్మగోరూ. బండి సంగతి బండే చూసుకుంటాది, నువ్వు నిద్రోకుండా చూసుకో అని. ఒక్క కునుకు నా కాలు తీసీసింది కదా."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఇన్నాళ్ళూ నా అబద్ధం అతని దగ్గరే ఉందనుకున్నాను. ఇప్పుడది ఇంకో బండి ఎక్కుతోంది. ఆ అల్లుడు రేపు బ్రేకు పట్టకపోతే ఏం చేస్తాడు? కళ్ళు నులుముకుని తోలతాడా? అప్పుడైనా నేను నోరు తెరవాలి కదా. "అలా కాదు, ముందు బ్రేకులు చూపించుకోమను" అన్నాను. అంతే అనగలిగాను. "అలాగేనండి" అని నవ్వి వెళ్ళిపోయాడు.

క్షమించమని అడిగితే అతను వెంటనే "పోన్లెండి అమ్మగోరూ" అంటాడు. నాకు తెలుసు. అంత తేలిగ్గా దొరికేది అడగడానికి మనసొప్పడం లేదు. అదీ నా భయానికి పెట్టుకున్న మంచి పేరేనా? కావచ్చు. అతని దండం పోగొట్టుకోలేకే ఇన్నేళ్ళు ఊరుకున్నానా? అదీ కావచ్చు.

అతనికి చదవడం రాదు. ఇది అతనికి తెలియాలంటే ఎవరో చదివి వినిపించాలి. ఆ ఎవరో నేనే. అభన్‌పూర్ బస్సు గంటకొకటి ఉంది. అతని నిమ్మకాయలు ఇంకా పళ్ళెంలోనే ఉన్నాయి, ఒక్కటీ కొయ్యలేదు.

ఇవాళ పొద్దున దీపం దగ్గర అతని పేరు పైకి చెప్పాను. ఏమీ జరగలేదు. దీపం ఎప్పటిలాగే వెలిగింది. తర్వాత కొత్త పుస్తకం ఒకటి తీసి, అప్పట్లో రాసినట్టే, మొదటి పేజీలో మొదటి గీత మీద రాశాను. రాసేటప్పుడు చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి కిందిదాకా ఆడింది.

డ్రైవరు అప్పలస్వామి. బ్రేకు రెండుసార్లు తొక్కితే గానీ పట్టడం లేదు. బయల్దేరే ముందు చెప్పాడు. నేను విన్నాను. అతను నిద్రపోలేదు.