లెక్కల డిగ్రీకి హన్మండ్లు చేసిన విచారణ

ఎల్లారెడ్డిలో మోటారు వైండింగ్ షాపు నడిపే హన్మండ్లుకు జీతం లేని ఉద్యోగం ఇంకొకటి ఉంది. అది పెళ్లి సంబంధాల విచారణ. వాళ్ల బంధువర్గంలో పిల్లను ఇవ్వాలన్నా, తెచ్చుకోవాలన్నా ముందుగా ఆయన వెళ్లి ఆ ఊళ్లో ఒక పూట తిరిగి రావాలి. ఆయన శాస్త్రం సూక్ష్మమైనది. చుట్టాలను అడగరాదు, వాళ్లు పొగుడుతారు. పడనివాళ్లను అడగరాదు, వాళ్లు అడగనివి కూడా చెబుతారు. పాలు పోసేవాణ్ని, కిరాణా కొట్టతన్ని, గోడ పక్కింటామెను అడగాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, ఎందుకు అడుగుతున్నామో ప్రాణం పోయినా చెప్పరాదు. ఈ నియమాల బలంతో ఆయన చాలా సంబంధాలు చెడగొట్టాడు. అవన్నీ చెడిపోవలసినవేనని ఆయన నమ్మకం. కాదనడానికి మన దగ్గర ఆధారం లేదు.

అటువంటి మనిషి కూతురు సాయిలతకు దక్షిణాదిన ఎక్కడో దూరంగా ఉన్న ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ గణితం సీటు వచ్చింది. శనివారం సాయంత్రంలోగా తండ్రి సమ్మతి తెలపాలి. లేకపోతే సీటు తరువాతి వరుసలో ఉన్న పిల్లకు పోతుంది.

డిగ్రీ చేతికి రావాలంటే ఏమేం పాసవ్వాలో సాయిలత ఫోన్లో చూసి చదివింది. కాలిక్యులస్, ఆల్జీబ్రా, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ ప్రోగ్రామింగ్, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు. ఒక్కటీ అర్థం కాకపోయినా హన్మండ్లు ప్రతిదానికీ న్యాయమూర్తిలా తల పంకించాడు.

"బైబిల్ పరిచయం, ఒక పేపరు. క్రైస్తవ నీతిశాస్త్రం, ఒక పేపరు. వారానికోసారి ప్రార్థనకు హాజరు. ఇవి లేకుంటే డిగ్రీ ఇయ్యరట."

హన్మండ్లు తల ఆగిపోయింది. "లెక్కల సదువుకు దేవునితోని ఏం పని?"

"అందరికి ఉంటది బాపూ. ఫిజిక్సోళ్లకు గూడ."

"అందరికి ఉన్నదంటే ఇంకింత అనుమానం."

భార్య భూమక్క వంటింట్లోంచే అందుకుంది. "నువ్వు షాపు తెరువంగనే అగర్‌బత్తి ముట్టిస్తవు గద. మోటర్లకు దేవునితోని ఏం పని?"

"గది వేరే," అన్నాడు హన్మండ్లు.

ఆ విశ్వవిద్యాలయం పాలవాడు ఎవరో, గోడ పక్కిల్లు ఏదో ఎల్లారెడ్డి నుంచి తేల్చడం కష్టం. అయితే శాస్త్రంలో దానికీ ఉపాయం ఉంది. ఒక ఇల్లు ఎలాంటిదో తెలియాలంటే అప్పటికే ఆ ఇంట్లో కాపురం చేసిన కోడలిని చూడాలి. కామారెడ్డిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే బాలలక్ష్మి అక్కడే చదివిందని సాయిలత చెప్పింది.

"మేడం నంబరున్నది. ఫోన్ చేసి అడుగుదాం బాపూ."

"కోడల్ని అడిగితే అత్తగారింటి ముచ్చట నిజం చెప్తదా? నీకు తెల్వదు, ఊకో."

మరునాడే బస్సెక్కాడు. కామారెడ్డిలో దిగి, బాలలక్ష్మి కాలేజీకి వెళ్లే వేళ కనుక్కుని, ఆమె వీధిలో ప్రవేశించాడు. కిరాణా కొట్టులో అక్కర్లేని సబ్బు కొని, ఆ మేడం అగర్‌బత్తీలు కొంటుందా అని అడిగాడు. కొంటుందట. అయినా తొందరపడలేదు, దోమల కోసం కూడా కొనవచ్చు. గోడ పక్కింటి రాజవ్వ దగ్గర మంచినీళ్లడిగి అరుగు మీద కూర్చున్నాడు.

"పక్కింటి మేడం మంచిదేనా అవ్వా?"

"బంగారమసొంటి పిల్ల. ఎందుకయ్యా?"

"ఊకెనే. బొట్టు పెట్టుకుంటదా?"

"పెట్టుకుంటది."

"పండుగలు గిట్ల చేస్తదా? ఆదివారం యాడికన్న పోతదా?"

"ఆదివారం బట్టలు ఉతుక్కుంటది." రాజవ్వ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ముఖం వెలిగింది. "పిలగాడు ఏం జేస్తడు?"

ఇక్కడే మన శాస్త్రజ్ఞుడు దెబ్బతిన్నాడు. కారణం చెప్పరాదన్న నియమం ఉంది కనుక ఔననలేదు, కాదనలేదు. గంభీరంగా నవ్వాడు. కామారెడ్డి ప్రాంతంలో పెళ్లికాని లెక్చరరు గురించి అడుగుతూ అలా నవ్వే మగమనిషికి ఒక్కటే అర్థం. రాజవ్వ చాయ్ పెట్టింది, పక్కన బిస్కెట్లు కూడా పెట్టింది. ఊరూ పేరూ రాబట్టింది. హన్మండ్లు బిస్కెట్లు తిని వచ్చాడు.

శుక్రవారం హన్మండ్లు కాలిన మోటారులోంచి తీగ లాగుతుంటే ఎదుటి సెలూన్ రమేశ్ పరుగున వచ్చాడు.

"అన్నా, ఎవలో పెద్దమనిషి నీ గురించి అడిగిపోయిండు. తాగుతడా, ఇల్లు సొంతమేనా, కొడుకులెందరని."

హన్మండ్లు చేతిలోంచి తీగ జారింది. ఇన్నేళ్లలో ఆయన విచారించడమే తప్ప విచారింపబడటం ఎరగడు. "నువ్వేం చెప్పినవ్?"

"ఉన్నదే చెప్పిన. కొడుకులు లేరు, ఒక్కతే బిడ్డ అన్న. గంతే, పెద్దమనిషి మొఖం మారిపోయింది. అయితే ఎవలికోసం అడిగినట్టు అనుకుంట పోయిండు."

ఆ రాత్రి హన్మండ్లు ఎవరినీ నమ్మలేదు. కరెంటు ఆఫీసువాళ్లేమో అనుకున్నాడు. విశ్వవిద్యాలయం పంపిన మనిషేమోననీ అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆటో ఇంటిముందు ఆగింది. పెద్దాయన దిగాడు, వెనక ఒక యువతి దిగింది. భూమక్క కుర్చీలు వేసింది.

"నా పేరు మైసన్న, మాది దోమకొండ," అన్నాడాయన కూర్చోకుండానే. "ఇది నా బిడ్డ బాలలక్ష్మి. రాజవ్వ చెప్తే నిన్న నేనే వచ్చి నీ గురించి అడిగిపోయిన. కొడుకులు లేనోనివి, మా బిడ్డ బొట్టు సంగతి నీకెందుకయ్యా? పెండ్లాముండంగ నీకోసమే అడిగినవా?"

భూమక్క చేతిలోని నీళ్ల చెంబు గట్టిగా కింద పెట్టింది. "ఏమయ్యా, కామారెడ్డికి సదువు కోసమే పోయినవా?"

"సదువు కోసమే! దేవుని మీద ఒట్టు!"

"ఏ దేవుని మీద?" అంది భూమక్క.

ఇక శాస్త్రం పక్కకు పెట్టక తప్పలేదు. సీటు, రెండు పేపర్లు, ప్రార్థన, అగర్‌బత్తి, అన్నీ హన్మండ్లు ఒప్పుకున్నాడు. బాలలక్ష్మి పైట అంచు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

"నన్నే అడుగొచ్చు గద అంకుల్? ఆ పేపర్లు రాసిన. బైబిల్‌ల మంచి మార్కులే వచ్చినయి. రియల్ అనాలిసిస్ అని లెక్కల పేపరుంటది, దాంట్ల తప్పిన, మళ్ల రాసిన. ప్రార్థనకు పోయి కూసున్న. నన్ను మతం మారుమని ఎవ్వలన్లే."

"అన్లేదంటే..." హన్మండ్లు కళ్లు చిన్నవయ్యాయి. "లోపల్లోపల?"

"నేను గూడ గట్లనే అనుమానపడ్డ తమ్మీ," మైసన్న ఇప్పుడు కూర్చున్నాడు. కోపం దిగి, ఒకే జబ్బు ఉన్నవాళ్ల మధ్య పుట్టే ఆప్యాయత గొంతులోకి వచ్చింది. "సెలవులకొచ్చినప్పుడల్ల దీని మొఖమే చూస్కుంట కూసునేటోన్ని. బొట్టు పోలే. బోనం ఎత్తుడు మానలే. చెడగొట్టింది ఆ పేపర్లు కాదు."

"మరేంది?"

"లెక్కలు! ఏ ముచ్చటన్న రుజువు చూపెట్టు బాపూ అంటది. పిలగాడు మంచోడే అంటే, నీకెట్ల తెల్సు అంటది. పదిమంది చెప్పిండ్రంటే, ఆ పదిమందిని ఎవలు ఏరి పట్టుకొచ్చిండ్రు అంటది. గిట్ల మూడు సంబంధాలు తిప్పికొట్టింది."

"తప్పేమున్నది?" అంది బాలలక్ష్మి. "అక్కడ మొదటి ఏడాదే నేర్పుతరు. రుజువయ్యేదాక దేన్నీ నమ్మొద్దని."

హన్మండ్లు నిటారుగా కూర్చున్నాడు. దేశంలో అటువంటి విద్యాలయం ఒకటి ఉన్నదని, అందులో ఆ విద్యకు డిగ్రీ కూడా ఇస్తారని ఆయనకు ఇంతవరకు తెలియదు.

"మా బిడ్డకు గూడ గది నేర్పుతరా?"

"తప్పదు. గది రాకుంటే పాస్ చెయ్యరు."

హన్మండ్లు సరే కానీయమన్నాడు. సాయిలత అప్పటికే ఫోను పట్టుకుని నిలబడి ఉంది. తండ్రి సమ్మతి అని ఉన్నచోట నొక్కింది.

"బాపూ, నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. చెప్పు."

హన్మండ్లు ఫోను ఛాతీకి ఆనించుకున్నాడు. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. బ్యాంకువాళ్లు వేడుకున్నా ఆయన చెప్పలేదు. అతిథుల వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, కిటికీ మూశాడు. కూతురిని మూలకు పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కొక్క అంకే చెప్పాడు. చివరి అంకె దగ్గర ఆగిపోయాడు.

"టైమైపోతంది బాపూ!"

గట్టిగా గాలి పీల్చి, కళ్లు మూసుకుని, చెప్పేశాడు.