కొంగ కాలు కదల్లేదు

కోపం చల్లారాక రాయమని చెబుతుంటారు. ఇది చల్లారేలా లేదు, అందుకే ఇలాగే రాస్తున్నాను.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు. విజయనగరంలో మా అక్క మొగుడికి ఫ్లెక్సీల దుకాణం ఉండేది. నేను నెల్లిమర్ల నుంచి రోజూ బస్సులో వెళ్లి అక్కడ డిజైన్లు చేసేదాన్ని. ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, నాయకుల పుట్టినరోజులు. నాయకుడి ముఖం తెల్లగా చెయ్యడం, వెనకాల అనుచరుల తలలు వరసగా అతికించడం, ఇదీ నా ఉద్యోగం. నాకు మాత్రం బొమ్మలు గీయడం పిచ్చి. గీసిన బొమ్మ నడవాలని ఇంకా పెద్ద పిచ్చి.

ఆ ఏడే విశాఖలో పిల్లల పాటలకు కార్టూన్లు తీసే ఒక స్టూడియో వాళ్లు బొమ్మలు గీసే మనిషి కావాలన్నారు. పరీక్ష ఒక్కటే. ఏదో ఒక పాత్రను గీసి, కదిలించడానికి వీలుగా కాలు, మెడ, కనురెప్ప దేనికది విడిగా ఉంచి ఫైలు పంపాలి. సోమవారం మధ్యాహ్నం ఆఖరు. నచ్చితే ఉద్యోగం. ఫ్లెక్సీల్లోంచి బయటపడే దారి నాకు అదొక్కటే కనబడింది.

దేంట్లో గీయాలన్న దగ్గరే గొడవ మొదలైంది. ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్‌ను స్నేహితురాలి ఇంట్లో నేర్చుకున్నాను. అందులో ప్రతి గీతా విడి వస్తువే. పట్టుకుని వంచొచ్చు, ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు. దుకాణంలో ఉన్నది ఫొటోలు దిద్దుకునే సాఫ్ట్‌వేర్. నాది కూడా అక్కడి కంప్యూటర్లో వేసుకుంటానని బావను అడిగాను.

"ఊళ్లో ఎవులికీ రానిదాంతో ఏటి సేత్తావే? రేపేదైనా తేడా వొస్తే నానేటి సూడగలను?" అన్నాడు.

నిన్ను చూడమనలేదు బావా, అనాల్సింది. అనలేదు. పైగా ఆ మాటలో నాకు ప్రేమ వినబడింది. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి. తలూపి అతని సాఫ్ట్‌వేర్‌లోనే మొదలుపెట్టాను.

కొంగను గీశాను. షిఫ్టుకు టైమైపోతోందని జూట్ మిల్లుకు సైకిలు తొక్కుకుంటూ పోయే కొంగ, హ్యాండిల్‌కు అన్నం క్యారేజీ. మెడ మూడు ముక్కలు, ఒక్కో కాలు మూడు ముక్కలు, రెక్కలు, రెప్పలు. ఒక్కో ముక్కా ఒక్కో లేయరు, అంటే విడి పొర, మొత్తం ముప్పై ఏడు. తొడ చాటున ఉండే పొట్టను కూడా పూర్తిగా గీశాను, కాలు లేచినప్పుడు అక్కడ ఖాళీ కనబడకూడదని. బావ భోజనానికి వెళ్లినప్పుడల్లా కూర్చుని తొమ్మిది రోజులు చేశాను. శనివారం సాయంత్రానికి పూర్తయింది. వైరస్ భయంతో అతను దుకాణంలో పెన్‌డ్రైవ్ పెట్టనివ్వడు కాబట్టి ఫైలు అక్కడే ఉండిపోయింది. సోమవారం పొద్దున్నే పంపొచ్చులే అని ఇంటికెళ్లిపోయాను.

ఆదివారం బావ ఫోన్ చేసి, ఖాళీగా ఉండి, కంప్యూటర్ పక్కన నేను రాసిపెట్టుకున్న స్టూడియో మెయిలుకు నా ఫైలు తనే పంపేశానని చెప్పాడు. నేను థాంక్స్ కూడా చెప్పాను.

సోమవారం ఫైలు తెరిచి చూస్తే లేయరు ఒక్కటే ఉంది. ఫ్లెక్సీని ప్రింటింగుకు పంపేముందు లేయర్లన్నీ కలిపి ఒకే బొమ్మ చేసేస్తాం. ఫ్లాటెన్ కొట్టడం అంటాం దాన్ని. బావ అదే కొట్టి, నా ఫైలు మీదే సేవ్ చేశాడు.

"ఫైలు మరీ పెద్దదైపోయి ఎల్లలేదు, అందుకే ఫ్లాటెన్ కొట్టీసినాను. బొమ్మ ఏటీ మారలేదు కదా, సూడు," అన్నాడు.

నిజమే, చూడ్డానికి ఏమీ మారలేదు. నా ఒళ్లు మండింది అందుకే. స్టూడియోకి ఫోన్ చేస్తే, బొమ్మ బాగుందనీ, కానీ కదిలించడానికి పనికిరాదనీ, ముక్కలుగా ఉన్న ఫైలుంటే పన్నెండులోగా పంపమనీ అన్నారు. కూర్చుని కత్తిరించడం మొదలుపెట్టాను. కాలు కత్తిరిస్తే పొట్టలో కన్నం, మెడ తీస్తే ఒంట్లో కన్నం. ఒక కాలు సరయ్యేసరికి పన్నెండు దాటింది.

మౌస్ బావ చేతిలో పెట్టి కొంగ కాలు ఎత్తమన్నాను. లాగాడు. కొంగ, సైకిలు, క్యారేజీ అన్నీ కలిసి పక్కకు జరిగాయి. మొత్తం వచ్చేస్తోందే అని నవ్వాడు.

ఆ నవ్వును నేను క్షమించలేదు. ఇంట్లో అందరూ నన్నే తప్పుపట్టారు. సెలవు రోజున దుకాణం తెరిచి మరీ సాయం చేశాడు కదా అని అమ్మ. ఒక బొమ్మ కోసం ఇంత రాద్ధాంతమా అని అక్క. నా పనిని నన్నడక్కుండా ముట్టుకోవడం సాయమెలా అవుతుందో ఒక్కరూ చెప్పలేదు. నాకు అర్థమైంది వేరే. తనకు రాని సాఫ్ట్‌వేర్ వద్దన్నది నా మంచి కోసం కాదు. నా పనిలో ఎప్పుడు కావాలంటే అప్పుడు వేలు పెట్టగలిగేలా ఉండాలని. నేను సరేనన్నాను చూడండి, ఆ కోపం మాత్రం నా మీదే.

ఆ నెలాఖరుకు దుకాణం మానేశాను. ఏడాది తిరిగేసరికి పాత కంప్యూటరొకటి ఇంట్లో పెట్టుకుని, నాకు కావలసిన సాఫ్ట్‌వేర్ వేసుకుని, కొంగను మళ్లీ మొదట్నుంచీ గీయడం మొదలుపెట్టాను. ఒకరోజు అక్కా బావా వచ్చారు. బావ నా వెనక కుర్చీ వేసుకుని కాసేపు తెర వైపు చూశాడు. ఏ బటను ఎక్కడుందో అతనికి తెలియడం లేదు.

"ఇందులో అన్నీ కలిపీసేది ఎక్కడున్నాదే?" అన్నాడు.

"సెప్పను బావా," అన్నాను.

తమాషాకి అన్నాననుకుని నవ్వి, మళ్లీ అడిగాడు. నేను వెనక్కి తిరక్కుండా మళ్లీ అదే చెప్పాను. అప్పుడు నవ్వడం మానేశాడు.