కరెంటు లేని బుధవారం

ఆ రోజు నేను చేసిన తప్పు ఒకే ఒక వాక్యం. "ఇరవై ఇద్దరు పిల్లలని రాశారు, నేను వెళ్లినప్పుడు నలుగురే ఉన్నారు" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ గదిలో నేను మాట్లాడకూడదు. ఆ నియమం రాసిన వాళ్లలో నేనూ ఒకణ్ని.

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. పసిపిల్లల కోసం, వాళ్ల కుటుంబాల కోసం పనిచేసే చిన్న సంస్థలకు సాయం చేసే ఒక ట్రస్టులో నేను ప్రోగ్రాం ఆఫీసర్ని. హైదరాబాద్ కార్యాలయం నుంచి నన్ను వికారాబాద్‌కు వేశారు. స్టేషన్ రోడ్డులో రెండు గదుల ఆఫీసు, ఒక గుమాస్తా, నెలవారీ అద్దెకు ఒక కారు.

మా గ్రాంటు పద్ధతి మిగతా వాటికంటే వేరు. మామూలుగా అయితే దరఖాస్తులు ఆఫీసర్లు చదువుతారు, ఆఫీసర్లే తేలుస్తారు. మా దగ్గర తేల్చేది తల్లుల కమిటీ. వికారాబాద్, తాండూరు బస్తీల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏడుగురు ఆడవాళ్లు. దరఖాస్తు రాయలేని సంస్థ నోటితో చెప్పుకోవచ్చు. ప్రతి దరఖాస్తుకూ ఇద్దరు కమిటీ సభ్యులు ఆఫీసరుతో కలిసి వెళ్లి కేంద్రాన్ని కళ్లారా చూడాలి. తర్వాత నిర్ణయం రోజు. తెర వెనక బల్ల మీద స్టీలు గ్లాసులు పెడతాం, ఒక్కో సంస్థకు ఒక గ్లాసు, దాని ముందు ఆ సంస్థ ఫోటో. ప్రతి సభ్యురాలి చేతికీ ఐదు కందిగింజలు ఇస్తాం. ఒక్కొక్కరే లోపలికి పోయి తమకు తోచిన గ్లాసులో వేసి వస్తారు. చదువు రాని మనిషి మాటకూ చదువుకున్న మనిషి మాటకూ ఒకే బరువు ఉండాలని ఆ ఏర్పాటు. ఆఫీసరు నియమాల గురించి అడిగితే చెప్పాలి. సంస్థల గురించి అడిగితే "నివేదికలో ఉంది, చదివిస్తాను" అనాలి. అంతకు మించి ఒక్క ముక్క కూడా అనకూడదు.

ఆ విడతలో మిగిలింది ఒకే ఒక్క గ్రాంటు. దానికి పోటీగా నిలిచినవి రెండు సంస్థలు. ఒకటి వికారాబాద్‌లో బాలింతల ఇళ్లకు తిరిగే బృందం. రెండోది తాండూరులో పాలిష్ యూనిట్ల పక్కన యేసమ్మ నడిపే పసిపిల్లల కేంద్రం. తాండూరు బండలను నునుపు చేసే ఆ యూనిట్లలో ఆడవాళ్లు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పనిచేస్తారు. అంగన్‌వాడీ అంతసేపు ఉండదు. ఆ వేళల్లో నడవడం అప్పుడే నేర్చిన పిల్లలను చూసుకునేది యేసమ్మ ఒక్కతే. గ్రాంటు రాకపోతే నెలాఖరుకు గది ఖాళీ చేస్తానని ఆమె ఇంటి యజమానికి ముందే మాట ఇచ్చింది. ఆ సంగతి దరఖాస్తులోనే ఉంది. నేను చదివాను.

తాండూరు కేంద్రం చూడటానికి నాతో రావలసిన ఇద్దరిలో సత్తెమ్మది తాండూరే. ఆ వారం ఆమె కూతురికి కాన్పు నొప్పులు మొదలై ఆసుపత్రిలో ఉండిపోయింది. రెండో ఆమెకు జ్వరం. ఇలాంటప్పుడు చూడటం వాయిదా వేయాలి, దాంతో పాటు నిర్ణయం రోజూ వాయిదా పడుతుంది. శుక్రవారం నిర్ణయమని హైదరాబాద్‌కు నేను రాసి ఉన్నాను. తేదీ మార్చమని మళ్లీ రాయడానికి మనసొప్పలేదు. బుధవారం ఒక్కణ్నే వెళ్లాను.

యేసమ్మ లేదు. రిజిస్ట్రేషన్ కాగితాల పని మీద వికారాబాద్ వెళ్లిందట. వంట చేసే మల్లమ్మ అనే పెద్దావిడ గడప దగ్గర కూర్చుని ఉంది. లోపల నలుగురు పిల్లలు. "మిగతా వాళ్లేరీ?" అని అడిగాను.

"ఈ దినం గింతే సార్" అంది మల్లమ్మ.

"ఈ దినం" అన్న మాట పట్టుకుని ఇంకొక ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. వేయలేదు. వీధి చివర కారు ఎదురుచూస్తోంది, తొందరగా ఆఫీసుకు చేరాలనుకున్నాను. నా డైరీలో ఆ రోజు రాసుకున్నది ఇప్పటికీ నా దగ్గరుంది. "పిల్లలు నలుగురు. గది ఉక్కగా ఉంది. ఫ్యాను తిరగడం లేదు. నిర్వహణ సరిగా లేదు."

శుక్రవారం నాడు గింజలు వేసే ముందు కమిటీ మాట్లాడుకుంటోంది. సత్తెమ్మ, జ్వరం వచ్చిన ఆమె ఇద్దరూ రాలేదు. ఆ విడతకు పెద్దగా ఉన్నది బాలమణి, ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. ఆమె పక్కనున్న సభ్యురాలు నా వైపు తిరిగి, "సార్, మీరు చూసొచ్చిన్రు గదా, తాండూరుది ఎట్లున్నది?" అని అడిగింది. నివేదిక తీసి చదవాలి నేను. చదివితే కింద కమిటీ వాళ్ల సంతకాలు లేవన్న సంగతి కూడా చదవాల్సి వస్తుంది. అందుకే మొదట చెప్పిన ఆ వాక్యం అన్నాను. గదిలో ఎవరూ ఇంకేమీ అడగలేదు. తెర వెనక యేసమ్మ గ్లాసులో పడిన గింజలు ఏడు. మిగిలినవన్నీ రెండో గ్లాసులో.

మంగళవారం పొద్దున సత్తెమ్మ ఆఫీసుకు వచ్చింది. మనవడు పుట్టాడని చేతిలో మిఠాయి పొట్లం. తాండూరుకు గ్రాంటు రాలేదని అప్పటికే విన్నది.

"సార్, మీరు ఏ దినం వోయిన్రు?"

బుధవారం అన్నాను.

"గా బుధారం పొద్దుగాల్నుంచి కరెంటు బందుండె గద సార్. లైను రిపేరని మైకుల గూడ చెప్పిన్రు. మిషన్లు నడవకపోతే ఆడోళ్లకు పనేడిది? పని లేనినాడు పిల్లల్ని యేసమ్మ కాడ ఏంటికిడుస్తరు?" మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టింది. "గా నలుగురు గూడ ఇండ్లల్ల ఎవరు లేనోళ్లయ్యుంటరు."

ఆమె పోయాక డైరీ తీశాను. ఫ్యాను తిరగడం లేదు. నా చేతి రాతే. కరెంటు లేదన్న సాక్ష్యాన్ని నేనే రాసుకుని, దాన్నే వాళ్ల మీద తప్పుగా లెక్కవేశాను. మిఠాయి పొట్లం బల్ల మీదే ఉండిపోయింది. యేసమ్మకు ఫోన్ చేశాను. నెలాఖరు శనివారమే కనుక గది తాళం ఆ రోజే ఇచ్చేసిందట. గొంతులో కోపం లేదు. నాకు అదే ఎక్కువ భయమేసింది. "పిల్లలెక్కడున్నారమ్మా?" అన్నాను. "ఆల్ల అమ్మల కాడ" అంది. అంటే మిషన్ల దగ్గర.

ఆ మిషన్ల గురించి నాకు తెలుసు. బండ మీద నీళ్లు పోస్తూ పాలిష్ పడతారు. ఆ నీళ్లు తెల్లటి బురదై యూనిట్ వెనక గుంతలోకి పోతాయి. పైన గట్టిపడినట్టు కనిపిస్తుంది కానీ అడుగు పెడితే దిగిపోతుంది. యేసమ్మ దరఖాస్తులో ఆ గుంతల గురించి కూడా ఉంది. మర్నాడు పొద్దున తాండూరు పోతూ కారులో కూర్చున్నంతసేపూ దరఖాస్తులోని ఆ వాక్యాలే కళ్ల ముందున్నాయి. జేబులో ఫోన్ మోగితే తీయడానికి చేయి రాలేదు. చివరికి తీస్తే గుమాస్తా. కరెంటు బిల్లు గురించి.

మొదటి యూనిట్లో అంజమ్మ అనే ఆవిడ మిషన్ దగ్గర ఉంది. ఆమె రెండేళ్ల కూతురు శ్రావణి బండల దొంతి నీడలో కూర్చుని ఉంది. నడుముకు పాత చీర పేలిక. రెండో కొస దొంతి పక్కన పాతిన ఇనుప పైపుకు కట్టి ఉంది. గుంతకు రెండడుగుల ఇవతల ఆగేలా కొలిచి కట్టారు. పిల్ల ఏడవడం లేదు. తెల్ల దుమ్ము అరచేతికి పూసుకుని చూసుకుంటోంది.

నేను అక్కడే నిలబడి ఉండటం చూసి అంజమ్మ మిషన్ ఆపకుండానే అరిచింది. "గట్ల సూడకున్రి సార్. కట్టకపోతే గుంతల వడ్తది. మీరొచ్చింది సూడనీకా, మల్ల లెక్కవెట్టనీకా?"

నేనెవరో ఆమెకు తెలుసు. కిందటి బుధవారం నేను ఆ వీధిలో నడిచి వెళ్తుంటే చూసిందట.

అక్కడి నుంచి నేరుగా యేసమ్మ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె తన వాకిలిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. తర్వాత, "నా ఇంటి వాకిట్ల ఏడుగురిని పట్టుకుంట. నడక వచ్చినోళ్లని ముందు. అంతకంటె ఎక్కువ నాతోని గాదు" అంది. శ్రావణి ఆ ఏడుగురిలో ఉంది. మిగిలిన వాళ్లు మిషన్ల దగ్గరే.

గ్రాంటు నిర్ణయాన్ని తిరిగి విచారించాలంటే ఆఫీసరు లిఖితపూర్వకంగా కారణం చూపి కమిటీని పిలవాలి, దాని నకలు హైదరాబాద్‌కు పంపాలి. ఆ కాగితం రెండుసార్లు రాశాను. మొదటిసారి "సమాచార సేకరణలో లోపం జరిగింది" అని రాశాను. నా ఉద్యోగం ఏటేటా పొడిగించే ఒప్పందం మీద నడుస్తోంది, ఆ ఏడు పొడిగింపు ఇంకా రాలేదు. లోపం దానంతట అది జరగలేదు కనుక ఆ కాగితం చించి, "సభ్యులు లేకుండా నేను ఒక్కణ్నే వెళ్లాను, కారణం అడగలేదు, నిర్ణయం రోజు నియమం దాటి మాట్లాడాను" అని రాసి సంతకం పెట్టాను. పెట్టాక కూడా ఒక పూట సొరుగులో ఉంచుకున్నాను. ఆ పూట యేసమ్మ వాకిట్లో చోటు దొరకని పిల్లలు ఆ గుంతల పక్కనే ఉన్నారు. ఇది కూడా చెప్పాలి కనుక చెబుతున్నాను.

కమిటీ శుక్రవారం కూర్చుంది. నా కాగితం నేనే చదివాను. బాలమణి చేతులు కట్టుకుని విన్నది.

"గాడ ఫ్యాను ఎందుకు తిరుగుతలేదని అడగనీకి నోరు రాలే. ఈడ మస్తుగ వచ్చింది" అంది. "మేం గూడ తక్కువోళ్లం గాదు. సార్ చెప్పిండంటే అయిపాయె అనుకున్నం. గింజలు మాయి, చెయ్యి సారుది."

బాలింతల బృందం నుంచి గ్రాంటు వెనక్కి తీసుకుందామని ఒకరన్నారు. బాలమణి ఒప్పుకోలేదు. "ఆల్ల తప్పేమున్నది? ఇచ్చిన కంచం గుంజుకుంటమా?" అంది. సత్తెమ్మ కిటికీలోంచి కిందికి చూస్తోంది. "సార్, గా కారు ఎవరిది?" అంది. ఆఫీసుదన్నాను. "రైలు లేదా మనకు? బస్సు లేదా?" అంది. నవ్వులు వినిపించాయి. నవ్వినా, వాళ్లు తేల్చింది అదే. నా కారు అద్దెకు కేటాయించిన సొమ్మును ఏడాది పాటు తాండూరు కేంద్రానికి మళ్లించాలి. మళ్లింపుకు హైదరాబాద్ అనుమతి కావాలి. నేను సిఫార్సు రాశాను.

లేవబోతుంటే బాలమణి ఆపింది. "ఇంకొకటున్నది సార్. మాకు చెప్పిన్రు, మంచిగుంది. చెప్పాల్సింది మాకు గాదు. ఆ తల్లులకు."

అనుమతి రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలు ఫోన్ మోగిన ప్రతిసారీ గుంతే గుర్తొచ్చేది. సెలవు పెట్టి రోజూ తాండూరు వెళ్లి యూనిట్ల యజమానులను కలిశాను, గుంతల చుట్టూ ఇనుప జాలీ కట్టమని అడిగాను. ఇద్దరు కట్టించారు. ఒకాయన "మీ పిల్లలా సార్?" అన్నాడు. కాదన్నాను. ఆయన కట్టించలేదు.

మధ్యాహ్నం భోజనానికి మిషన్లు ఆగే అరగంటలో ఒక్కో యూనిట్‌కు పోయి చెప్పాను. కేంద్రం మూతపడింది నా వల్ల, యేసమ్మ తప్పు లేదు, మీ తప్పూ లేదు, కరెంటు లేదని నేను తెలుసుకోలేదు అని. కొందరు తల ఊపారు. ఒకామె అన్నం తింటూనే ఉంది, తల ఎత్తలేదు. అంజమ్మ మాత్రం విన్నాక, చేతి దుమ్ము దులుపుకుని అంది. "మల్ల వస్తే కరెంటున్ననాడు రాన్రి సార్. మిషన్ చప్పుడు ఇనవడ్డంక తలుపు కొట్టున్రి."

ఏ పిల్లకూ ఏమీ కాలేదు. అది నా గొప్ప కాదు. అనుమతి వచ్చేసరికి పాత గదిలో ఒక సిమెంటు వ్యాపారి దిగాడు. కొత్త గది యూనిట్లకు దూరం. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు ఆ తల్లులు ఇప్పటికీ ఎక్కువ నడుస్తున్నారు. దాన్ని నేను సరిచేయలేకపోయాను. హైదరాబాద్ నుంచి నాకు మెమో వచ్చింది, నా ఫైలులో చేరింది. ఒప్పందం పొడిగించారు. మిగిలిన సర్వీసంతా రైల్లో, బస్సులో తిరిగాను.

ఒక కేంద్రానికి వెళ్లినప్పుడు మనకు కనిపించేది ఆ ఒక్క రోజు మాత్రమే. అది మామూలు రోజో కాదో అక్కడివాళ్లకే తెలుస్తుంది. అందుకే ఇద్దరు సభ్యులు వెంట ఉండాలన్న నియమం. దాన్ని నేను కాగితం లాంఛనం అనుకున్నాను.

ఆ తర్వాత నిర్ణయం రోజుల్లో కందిగింజలు పంచి నేను గది బయటికి వచ్చి మెట్ల మీద కూర్చునేవాణ్ని. నియమం గురించి సందేహం వస్తే వాళ్లే పిలిచేవారు. పదవీ విరమణ రోజున ఆ బుధవారం నాటి డైరీ పేజీ నకలు తీసి ఆఫీసు ఫైలులో పెట్టాను. కొత్తగా వచ్చే ఆఫీసరు మొదటిసారి కేంద్రం చూడబోయే ముందు దాన్ని చదవాలని పైన రాశాను. నా పేరు కొట్టేయలేదు.