బూడిద కుండలో మూడు పూసలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేది మా మేనత్త కిరసనాయిలు దీపం. మందమర్రి అవతల బొగ్గుబాయి కార్మికుల కాలనీలో రెండు గదుల క్వార్టర్ మాది. వెనక వసారాలో ఒక మూల, గాలి తగలకుండా మూడు వైపులా రేకులు అడ్డం పెట్టుకొని అత్త ఆ దీపం ముందు కూర్చునేది. సన్నని ఇత్తడి గొట్టం పెదవుల మధ్య పెట్టుకొని ఊదితే, పచ్చగా ఊగే మంట కాస్తా నీలంగా, సూటిగా పక్కకు సాగేది. ఆ మంటలో గాజు కరిగేది. మట్టి పూసిన ఇనుప తీగ మీద ఆ గాజును చుట్టి, తీగను వేళ్లతో తిప్పుతూ పూస చేసేది. తిప్పడం ఆపితే పూస ఒక పక్కకు జారిపోతుంది. అందుకని ఆ సమయంలో ఎవరు పిలిచినా పలికేది కాదు. నేను కావాలని ఎన్నోసార్లు పిలిచి చూశాను.

అత్త ఆసిఫాబాద్ అవతల, పూసలు చేసి జాతరల్లో అమ్ముకునే ఇంటికి కోడలుగా వెళ్లింది. పని అక్కడే నేర్చుకుంది. మామ చనిపోయాక దీపాన్నీ, గొట్టాన్నీ, నాలుగు తీగలనూ మూటగట్టుకొని మా బాపు దగ్గరికి వచ్చేసింది. కొత్త గాజు కొనే స్తోమత లేదు. పగిలిన గాజులు, పాత మందు సీసాలే ఆమె సరుకు. ఒక దసరా రోజు పాలపిట్టను చూసి వచ్చినప్పటి నుంచి, దాని రెక్కలోని నీలాన్ని పూసలోకి తేవాలని మంకుపట్టు పట్టింది. రెండేళ్లు అదే పని. చేసిన ప్రతి పూసనూ వెలుతురుకు పెట్టి చూసి, "ఇంక రాలే" అని పక్కన పడేసేది. మా అవ్వ, అంటే అమ్మ, వాటన్నిటినీ గుచ్చి నా మెడలో వేసేది. మా కాలనీలో అంత అందమైన పొరపాట్లు వేసుకొని తిరిగిన పిల్లను నేనొక్కదాన్నే.

పని సాగింది మాత్రం నల్లపూసల మీదే. కాలనీలో చాలామంది ఆడవాళ్ల పుస్తెలతాడులో, పుస్తెలకు అటొకటి ఇటొకటి అత్త చేసిన నల్లపూసలే ఉండేవి. అయితే అందులో ఒక కట్టుబాటు ఉంది. పూసలు చేయడానికి అత్త చేతులు పనికొచ్చేవి, ఇవ్వడానికి పనికొచ్చేవి కావు. మొగుడు పోయిన మనిషి చేతి మీదుగా నల్లపూసలు ఎవరూ అందుకోరు. అందుకని ఇత్తడి పళ్లెంలో పసుపు, కుంకుమ, పూసలు పెట్టి అందించే పని నాకు అప్పజెప్పారు. తొమ్మిదేళ్ల పిల్లకు అంతకంటే పెద్ద పదవి ఏముంటుంది? ఆ పూసలు నేనే చేసినట్టు ముఖం పెట్టేదాన్ని. అత్త ఆ కాసేపూ వంటింట్లోకి వెళ్లి, పని ఉన్నా లేకపోయినా గిన్నెలు సర్దుతుండేది. అప్పట్లో నాకది వింతగా తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంకో కట్టుబాటు బూడిద కుండది. మంటలోంచి తీసిన పూసను తీగతో సహా వేడి బూడిదలో పాతి, మూత పెట్టి, మర్నాటి దాకా ముట్టుకోకూడదు. బూడిదలో పూస లోపలా బయటా కలిసి మెల్లగా చల్లారుతుంది. ముందే తీస్తే పైన చల్లబడుతుంది, లోపల వేడి మిగిలిపోతుంది. చూడటానికి ఏ తేడా ఉండదు. అదే మెరుపు, అదే నునుపు. కానీ ఎప్పుడో ఒకప్పుడు, ఎవరూ తాకకపోయినా సరే, టక్కుమని రెండు ముక్కలవుతుంది. ఆ రోజే కావచ్చు, నెల తర్వాత కావచ్చు. "దాని కడుపుల కోపం మిగులుతది" అనేది అత్త. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ కుండ పక్కన ఒంటరిగా కూర్చోవాలంటే నాకు భయంగా ఉండేది.

మా పక్కింటి అక్కకు పెళ్లయి అప్పటికి ఆరు నెలలు. హుజూరాబాద్ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. భూమి మీద పని తెలుసుగానీ భూమి కింద పని ఎలా ఉంటుందో తెలియదు. బావ ఫస్ట్ షిఫ్టుకు పోయిన రోజున, ఆయన తిరిగొచ్చే దాకా గడపలోనే కూర్చొని బియ్యం ఏరేది. చేతులు చాటలో ఉండేవి, కళ్లు రోడ్డు మీద ఉండేవి. పెళ్లినాటి పూసల్లో ఒకదాని అంచు చిట్లిందట. చిట్లిన పూస మెడలో ఉంచుకొని మొగుణ్ని బాయిలోకి పంపడం తనవల్ల కావడం లేదని, కొత్తవి చేసిమ్మని అత్తను బతిమాలింది.

ఒక శుక్రవారం పొద్దున అత్త మూడు పూసలు చేసింది. రెండు కావాలంటే మూడు చేయడం ఆమె అలవాటు. ఒకటి పాడైతే ఇంకోటి అక్కరకొస్తుంది. వాటిని బూడిదలో పాతి, "రేపు పగటికి తీద్దాం, మూత ముట్టకు" అని నాతో చెప్పి, సీసా ముక్కల కోసం మంచిర్యాల పోయింది. అవ్వ బట్టలు తీసుకొని నల్లా దగ్గరికి పోయింది. మధ్యాహ్నం అక్క వచ్చింది. శుక్రవారం కదా, ఆ రోజే వేసుకోవాలని ఆశపడింది.

"అయినయా చెల్లె?" అని అడిగింది.

కాలేదు అంటే సరిపోయేది. పళ్లెం పట్టుకునే పదవి నన్ను ఊరుకోనివ్వలేదు. "గిప్పుడే తెస్త" అని లోపలికి పరుగెత్తాను. పట్టకారుతో మూడు తీగలనూ బూడిదలోంచి లాగాను. పూసలు ముట్టుకోలేనంత వేడిగా ఉన్నాయి. కిటికీ గాలికి కాసేపు పెట్టి, తీగల నుంచి ఊడదీసి, తడిగుడ్డతో తుడిచాను. ఒక్కటీ పగల్లేదు. అత్త ఉత్తగనే బెదిరిస్తుందనుకున్నాను. రెండు పూసలు పళ్లెంలో పెట్టి, మూడోదాన్ని గూట్లో పెట్టాను. అక్క మా ఇంట్లోనే, మెడ బోసిగా ఉండకూడదని ముందు ఒక పసుపుతాడు కట్టుకొని, ఆ తర్వాత పుస్తెలతాడు విప్పి కొత్త పూసలు గుచ్చుకుంది. అద్దంలో చూసుకొని ముఖమంతా నవ్వింది. నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

సాయంత్రం అత్త వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా కుండ దగ్గరికి పోయింది. బూడిద కదిలి ఉంది.

"ఎప్పుడు తీసినవ్ బిడ్డా?"

"చల్లగైనంకనే తీసిన."

అత్త నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నమ్మాలని ఉన్నట్టుంది, నమ్మలేకపోయినట్టుంది. గూట్లోని మూడో పూసను తీసి చూసి, మెత్తని గుడ్డ మీద పెట్టి, మళ్లీ గూట్లోనే ఉంచింది. తిట్టి ఉంటే ఏడ్చేసి చెప్పేదాన్నేమో. ఆ పూట అన్నం తింటున్నంతసేపూ నా చెవులు గూటి వైపే ఉన్నాయి. అక్క ఇంట్లో ఏ చెంచా కింద పడ్డా ముద్ద వదిలేసి గోడ వైపు చూశాను.

మర్నాడు పొద్దున సద్దన్నం ముందు కూర్చున్నాను. బడికి ఇంకా టైముంది. గూట్లోంచి టక్‌మని చప్పుడైంది. చాలా చిన్న చప్పుడు, గోరుతో పళ్లెం మీద కొట్టినంత. లేచి చూస్తే గుడ్డ మీద పూస రెండు చెక్కలై ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అత్త వసారాలోంచి వచ్చి ఆ చెక్కల వైపు, నా వైపు చూసింది. నేను నిజం చెప్పేశాను. బావ అప్పటికే ఫస్ట్ షిఫ్టుకు పోయి రెండు గంటలైంది.

"నడువ్. అక్కకు చెప్పాలె. నువ్వే చెప్పాలె" అని అత్త నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం గడప దాటామో లేదో బాయి సైరన్ మోగింది.

బాయి కాలనీలో పుట్టిన పిల్లలకు గడియారం చూడటం రాకముందే సైరన్ వేళలు తెలుస్తాయి. అది మోగే వేళ కాదు. పైగా అది ఆగలేదు. ప్రతి ఇంట్లోంచీ ఆడవాళ్లు చేతిలో ఉన్నది ఉన్నట్టే వదిలేసి బయటికొచ్చారు. పక్కింటి గడపలో చాట బోర్లాపడి ఉంది, బియ్యం నేలంతా చెల్లాచెదురయ్యాయి. అక్క అప్పటికే వెళ్లిపోయింది. నేనే చేశాను ఇదంతా అనుకున్నాను. ఇంటికి పోదామని ఏడుస్తూ అత్త చెయ్యి లాగాను.

అత్త రోడ్డు మధ్యలో కూర్చొని నా రెండు భుజాలూ పట్టుకుంది. ఎన్నడూ ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పింది.

"నా మెడల పూస గూడ గిట్లనే పలిగింది బిడ్డా. నేను గూడ తొందరపడి బూడిదలకెల్లి తీసి ఏసుకున్న. గదే దినం మీ మామ జాతరకు పోతు వాగుల కొట్టుకపోయిండు. పూస పలిగింది గందుకే పోయిండని అందరన్నరు. గాజు సంగతి తెల్సినదాన్ని, నేను గూడ నమ్మిన. ఇంక గూడ అప్పుడప్పుడు నమ్ముత. గా పిల్లకు గట్ల కావొద్దు. పూస పలుగకముందే పోయి చెప్పు."

బాయి గేటు దగ్గర ఎండలో వందమంది దాకా ఉన్నారు. సైరన్ అప్పటికి ఆగింది, ఎవరూ మాట్లాడటం లేదు. లోపల పైకప్పు కూలిందని, ఎందరు చిక్కుకున్నారో తెలియదని మాత్రమే అప్పటికి తెలిసింది. అక్క గేటు ఊచలకు ఆనుకొని, పుస్తెలతాడు పిడికిట్లో పట్టుకొని నిలబడింది. అత్త వెనకే ఆగిపోయింది. అలాంటి చోట, అలాంటి వేళ, ఆమె ముందుకు వస్తే ఆడవాళ్లు ఏమంటారో ఆమెకు తెలుసు. వీపు మీద చెయ్యి వేసి నన్ను ముందుకు నెట్టింది.

చెప్పాను. తడబడుతూ, ముక్కు చీదుకుంటూ, అందరూ వింటుండగా చెప్పాను. పూసలు చల్లారకముందే తీశాననీ, మూడో పూస పొద్దున పగిలిపోయిందనీ, ఇవి కూడా పగులుతాయనీ, తప్పు నాదేననీ. అక్క నా చెంప మీద చాచి కొట్టింది. తర్వాత అదే చేత్తో నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. వేళ్లు విరిగిపోతాయేమో అన్నంత గట్టిగా పట్టుకుంది.

ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. ఎవరో కుండలో చల్లని నీళ్లు తెచ్చి అక్కను తాగమన్నారు. కళ్లు గేటు మీదే పెట్టి తాగుతుంటే నీళ్లు మెడ మీదుగా జారాయి. ఎండకు కాగి ఉన్న పూసల మీద పడ్డాయి. టక్. నేను విన్నాను, అక్క విన్నది, చుట్టూ ఉన్నవాళ్లూ విన్నారు. పూస సగం చెక్క ఊడి ఆమె పాదాల దగ్గర పడింది. ఒక ముసలామె "అయ్యో, అయ్యో" అని నోరు కొట్టుకుంది. మిగతావాళ్లు ఒక అడుగు వెనక్కి జరిగారు. అక్క నేల మీది చెక్కను చూసింది, నన్ను చూసింది.

"గిది గీ పోరి తొందరకు పలిగింది. బూడిదల ఉంచలే, గందుకే పలిగింది. గంతే" అంది గట్టిగా. ఆ మాట వాళ్లతో అన్నదో, తనతో అనుకున్నదో. వంగి ఆ చెక్కను తీసి నా చేతిలో పెట్టింది. మళ్లీ గేటు వైపు తిరిగింది.

పొద్దు వాలకముందు మనుషులు పైకి రావడం మొదలైంది. అందరి ముఖాలూ ఒకేలా నల్లగా ఉండటంతో ఎవరు ఎవరో తెలియడం లేదు. బావ దాదాపు చివర వచ్చాడు, ఒక చెయ్యి మెడకు కట్టుకొని. అక్క ఆయన దగ్గరికి పరుగెత్తి, మంచి చేతి మీద దబదబా గుద్దింది. ఇద్దరు పైకి రాలేదు. ఆ ఇద్దరి భార్యలూ గేటు దగ్గరే ఉన్నారు. వాళ్ల మెడల్లో ఉన్నవి కూడా అత్త పూసలే, ఒక పగలూ ఒక రాత్రీ బూడిదలో చల్లారినవి. వాటి మీద ఒక్క గీత కూడా లేదు. అత్త మొదటిసారి అందర్నీ తోసుకొని ముందుకు వచ్చింది, వాళ్ల దగ్గరికే పోయి నేల మీద కూర్చుంది.

నెల రోజులు అత్త దీపం వెలిగించలేదు. ఆ తర్వాత చేసిన మొదటి జత పూసలు అక్కకే. మూత తీసే రోజు నేను అలవాటుగా పళ్లెం తెచ్చాను. అక్క పళ్లెం వైపు చూడనే లేదు. వంటింటి గుమ్మం దగ్గరికి పోయి, లోపల గిన్నెలు సర్దుతున్న అత్త ముందు దోసిలి పట్టింది. "నీ చేతితోనే ఇయ్యి చిన్నమ్మా" అంది. అత్త చీర కొంగుకు చేతులు మళ్లీ మళ్లీ తుడుచుకుంది. పూసలు ఇచ్చాక గోడ వైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదలడం నేను చూశాను.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఉంటాను, అత్త పనే నా పని. ఊదే గొట్టం పోయి గ్యాసు మంట వచ్చింది, బూడిద కుండ పోయి కరెంటు బట్టీ వచ్చింది. పాలపిట్ట నీలం నాకు కూడా ఇంకా రాలేదు. మనవరాలు నా పూసలను ఫోన్లో ఫొటోలు పెట్టి ఎక్కడెక్కడికో పంపుతుంది. నల్లపూసలకు మాత్రం ఆడపిల్లలు ఇంటికే వస్తారు. నేనూ మొగుడు పోయినదాన్నే. అయినా నా చేత్తోనే ఇస్తాను. ఇష్టం లేనివాళ్లు ఇంకో దుకాణం చూసుకోవచ్చు.

ఇచ్చేటప్పుడు ప్రతి పిల్లకూ ఒకే మాట చెబుతాను. "గిది గాజు బిడ్డా. ఎన్నడన్న పలుగుతది. పలిగితే నా దగ్గరికి రా, ఇంకోటి చేసిస్త. ఇంట్ల ఎవ్వల గురించీ ఫికర్ పడకు." ఆ మాట నమ్మే చెబుతాను. అక్క నా చేతిలో పెట్టిన పూస చెక్క, ఆనాడు మా గూట్లో పగిలిన పూస రెండు చెక్కలతో కలిసి ఇప్పటికీ నా బట్టీ పక్కన చిన్న డబ్బాలో ఉంది. అయినా పొద్దున బట్టీ మూత తీసే ముందు, ఇన్నేళ్ల తర్వాత కూడా, ఊపిరి బిగబట్టి ఒక్కసారి చెవి పెట్టి వింటాను.