సుద్దగీతల మధ్య తూనీగ

అయ్యన్నను అబద్ధాలకోరని ఎవరూ అనలేదు, ఆ తూనీగల ఫోటోల వాట్సాప్ గ్రూపులో తప్ప.

ఎర్రగుంట్ల దావలో ఉన్న ఒక పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా నల్ల నాపరాళ్లకు మెరుగు పెడుతున్నాడు. చదివింది ఏడో తరగతి. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ సద్ది మూటలు విప్పుకుంటే, అతను ఫోను పట్టుకుని వెనకాల నీళ్లు నిలిచిన పాత గని గుంత గట్టున గొంతుక్కూర్చుంటాడు. తూనీగ వెంట పరిగెత్తేవాళ్లకు దాని నీడ కూడా దొరకదు. ఏ పుల్ల మీంచి లేచిందో మళ్లీ ఆ పుల్ల మీదికే చాలా తూనీగలు తిరిగొస్తాయని అయ్యన్న తనంతట తానే కనిపెట్టాడు. అందుకే పుల్లను చూస్తూ కూర్చుంటాడు. అట్లా ముప్పై నాలుగు రకాలు తీశాడు. రెక్కల్లోని ఈనెలు లెక్కపెట్టుకోవచ్చు, అంత తేటగా.

గ్రూపు నడిపేది కడపలో లెక్చరర్ జయకుమార్ సారు. ఆ ఫోటోలను శానా మెచ్చుకునేవాడు. ఆ రోజు అయ్యన్న పెట్టిన ఫోటో దగ్గరే తిరకాసు వచ్చింది. కొనే పార్టీ చూసుకోవడానికి ఎండలో పరిచిన మెరుగురాయి మీద ఒక పసుప్పచ్చ తూనీగ తోక తాకిస్తోంది. 'రాయి మీద గుడ్లు పెడుతోంది' అని కింద రాశాడు.

'తూనీగలు నీళ్లలో పెడతాయి. రాయి తడిగా ఉండింటాది, సరిగా చూడు' అన్నాడు సారు. ఇంకెవరో 'ఫోటో కోసం బిందెడు నీళ్లు కుమ్మరించినాడు' అని నవ్వు బొమ్మలు పెట్టారు.

రాయి తడో పొడో ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు తేల్చేశారు. ఇరవై రెండేళ్లు ఆ రాళ్లను చేత్తో తడిమినవాడి మాట చెల్లలేదు.

మరుసటి రోజు సాయంత్రం ఆ రాళ్లు లారీ ఎక్కుతాయి. అంతలోపల తన మాట నిలబెట్టుకోవాలి. మరుసటి మధ్యాహ్నం గంట కొట్టాక అయ్యన్న రాళ్ల పక్కనే కూలబడ్డాడు. రాళ్లు కడిగే హులిగెమ్మ చూసింది. ఆమెది ఆదోని పక్క.

"ఏమప్పా, రాయికి కాపలా కూసుండావే! లేసి పోతాదా?"

"రాయి పోదులేక్కా. దాని మీదికి వచ్చేది పోతాది."

"పెండ్లాన్ని ఎప్పుడన్నా ఇంతసేపు చూసినావా?"

"ఆయమ్మ ఒకచోట కూచుంటే గదా!"

తూనీగ రానే వచ్చింది. అయ్యన్న ఫోను ఎత్తి, మళ్లీ దించాడు. మెరుగురాయి ఫోటోలో ఎట్లాగూ నీళ్లలాగే కనబడుతుంది. పొడిదని ఎట్లా చెప్పేది?

జేబులోంచి కొలతలు రాసే సుద్దముక్క తీసి రాయి మీద పెద్దగా 2, 4 అని రాశాడు. తడి రాయి మీద సుద్ద ఇంత తెల్లగా పట్టదు. తూనీగ బెదిరి ఎగిరిపోయింది. అయ్యన్న కదలకుండా అక్కడే కూర్చున్నాడు. అది ఒక చుట్టు తిరిగొచ్చి, సరిగ్గా రెండు అంకెల మధ్య తోక తాకించింది.

ఫోటో పడింది.

వంగి చూశాడు. రాయి మీద ఆవగింజలో పావు కూడా లేని చుక్కలు. వేలు పెడితే రాయి చురుక్కుమని కాలింది. తను పెట్టిన మెరుగే దానికి మడుగులా కనబడింది. ఇన్నాళ్లూ ఎన్ని మోసపోయాయో.

"అయ్యో, అన్నీ ఈడనే పెట్టేసిందా?" అంది హులిగెమ్మ.

అయ్యన్న ఆ ఒక్క ఫోటో గ్రూపులో పెట్టి, గోనెసంచులు తడిపి రాళ్ల మీద కప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి హులిగెమ్మ కూడా ఒక కొస పట్టుకుంది.

రాళ్లన్నీ కప్పేలోపలే సారు ఫోన్ చేశాడు. గొంతు మారిపోయింది.

"అయ్యన్నా, తప్పు నాదేనప్పా. ఇప్పుడే బయలుదేరతాండా. లారీ వచ్చేలోపల నా కెమెరాతో వీడియో తీసుకుంటా. ఆ రాళ్లు ఎండలో అట్లే ఉండనీ."

"ఉండనీను సార్. కప్పేసినా."

"ఒక్క అరగంట తెరిస్తే సాలప్పా!"

"ఆ అరగంటలో ఎన్ని గుడ్లు మాడిపోతాయో మీకే బాగా తెలుసు. మీరు గుంత కాడికి రాండి సార్. నీళ్లల్లో పెడతాంటాయి, ఎంతసేపయినా పక్కన కూచుని చూపిస్తా."